కనుమరుగైనా కణితే

(డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం పాఠం)



భీమవరంలో పుట్టి, రాజమండ్రిలోనూ మద్రాసులోనూ చదివి, 1923లో హార్వర్డు చేరిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పేరిట మాట్లాడమని ఒక మెడికల్ ఫిజిసిస్టును పిలవడం నిర్వాహకుల సాహసం. ఆయన జీవరసాయన శాస్త్రవేత్త. నేను కనీసం వైద్యుణ్ని కూడా కాను. లీనియర్ యాక్సిలరేటర్ పక్కగదిలో కూర్చుని ఏ కోణం నుంచి ఎంత కిరణం పోవాలో లెక్క కట్టే మనిషిని. ఆయన మందులకూ మా కిరణాలకూ నేరుగా చుట్టరికం లేదు. అయినా ఒప్పుకున్నానంటే, ఆయన జీవితంలోని రెండు సంగతులు మా గదిలో నాకు తరచూ గుర్తుకు రావడమే కారణం.

మొదటిది 1925 నాటిది. సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన ఫాస్ఫరస్‌ను రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతి ప్రచురించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఇప్పటికీ చదువుకుంటున్నది అదే. ఆ కొలత చేతికి వచ్చిన తర్వాతే కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. రెండోది 1948 నాటిది. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారు చేసిన ఎమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చారు. మందు ఇచ్చిన 16 మందిలో 10 మందికి గుణం కనిపించింది. రక్తంలో క్యాన్సర్ కణాలు తగ్గాయి, పిల్లలు లేచి ఆడుకున్నారు. జూన్‌లో ఆ వ్యాసం అచ్చయింది. ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు, 53 ఏళ్లకే. ఆ పిల్లల జబ్బు మాత్రం కొన్ని నెలలకు తిరగబెట్టింది. కంటికి కనబడకుండా పోయిందే గాని ఒంట్లోంచి పోలేదు.

కొలవగలిగితే ఎంత తెలుస్తుందో మొదటి సంగతి చెబుతుంది, కొలతకు అందనిది ఎంత మిగిలి ఉంటుందో రెండోది చెబుతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు బొమ్మలు చూస్తూ, ఆ బొమ్మలను బట్టి మధ్యలో ప్లాను మారుస్తూ ఇచ్చే రేడియోథెరపీలో రోజూ ఈ రెంటి మధ్యే పేచీ. ఇవాళ చెప్పదలచుకున్నది దాని గురించే.

ఈ జబ్బు మన దగ్గరికి వచ్చే తీరు మీకు కొత్త కాదు. నెలల తరబడి దగ్గు, టీబీ అనుకుని మందులు, ఆ తర్వాతెప్పుడో స్కాను. 2022 అంచనాల్లో ప్రపంచం మొత్తం మీద ఆ ఏడాది కొత్తగా బయటపడినవి దాదాపు 24.8 లక్షల కేసులు, భారతదేశంలో 81 వేల పైచిలుకు. చాలామందికి అప్పటికే ఆపరేషన్ వేళ మించిపోయి ఉంటుంది. ఛాతీ నడుమనున్న లింఫు గ్రంథుల్లోకి పాకి, ఇంకా ఒళ్లంతా పాకని మూడో దశ రోగులే నా ఉపన్యాసానికి కథానాయకులు. వాళ్లకు కీమోతో పాటు కరెంటు, అంటే రేడియేషన్, పెడతారు. గ్రే అంటే కిరణాల డోసుకు కొలమానం. రోజుకు 2 గ్రే చొప్పున 30 విడతలు, మొత్తం 60 గ్రే. వారానికి ఐదు రోజుల లెక్కన ఆరు వారాలు.

ఆరు వారాల ఈ వైద్యానికి ప్లాను గీసేది ఒక్క రోజు తీసిన సి.టి. బొమ్మ మీద. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

ఛాతీ కదలకుండా ఉండే చోటు కాదు. డయాఫ్రం దగ్గరి కణితి ఒక్కొక్కరిలో ఊపిరి ఊపిరికీ ఒకటి రెండు సెంటీమీటర్లు కిందికీ పైకీ ఊగుతుంది. పై భాగంలోనిది అంతగా ఊగదు. అందుకే శ్వాసను పది దశలుగా విడగొట్టి ఒక్కో దశకు ఒక్కో బొమ్మ ఇచ్చే నాలుగు కొలతల సి.టి. తీస్తాం. కనబడే కణితి చుట్టూ ఒక గీత గీస్తాం. కంటికి ఆనని కణాల కోసం దాని చుట్టూ మరొకటి, ఊపిరి ఊపు కోసం ఇంకొకటి, రోగి పడుకోవడంలో రోజూ వచ్చే తేడా కోసం ఆఖరిది. గీత ఒక్కొక్కటి వెడల్పు అయ్యేకొద్దీ మంచి ఊపిరితిత్తి అంత కిరణాల పాలవుతుంది. 20 గ్రేకి మించి పడే భాగం మొత్తం ఊపిరితిత్తుల్లో 35 శాతం దాటకూడదని మా కట్టుబాటు. దాటితే వైద్యం అయిపోయిన నెలల తర్వాత పొడి దగ్గుతో, ఆయాసంతో న్యుమోనైటిస్, అంటే ఊపిరితిత్తి వాపు, వచ్చి మీద పడే ముప్పు పెరుగుతుంది. పక్కనే గుండె, వెనకనే వెన్నుపాము, నడుమ అన్నవాహిక. మా బేరమంతా మిల్లీమీటర్లలో.

పాత రోజుల్లో చర్మం మీద సిరా గీతలు, వారానికోసారి ఎముకల నీడ పడే ఎక్స్‌రే ఫిల్ము, అవే ఆధారం. కణితి ఎక్కడుందో ఎవరూ చూసేవారు కారు, ఎముకలు ఉన్న చోట ఉన్నాయి గనక కణితీ ఉందనుకునేవారు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని విలియం బోమాంట్ ఆసుపత్రి నుంచి దీన్ని మార్చే రెండు అడుగులు పడ్డాయి. 1997లో డి యాన్ బృందం, చికిత్స నడుస్తుండగానే కొలిచి, ఆ కొలతలతో ప్లానును తిరగరాయాలన్న ఆలోచనకు అడాప్టివ్ రేడియేషన్ థెరపీ అని పేరు పెట్టింది. 2002లో డేవిడ్ జాఫ్రే బృందం కిరణాలిచ్చే యంత్రానికే ఎక్స్‌రే ట్యూబూ పలక డిటెక్టరూ తగిలించి, రోగి బల్ల మీద పడుకుని ఉండగానే చుట్టూ తిరిగి సి.టి. తీసే పద్ధతి చూపింది. దాన్నే కోన్ బీమ్ సి.టి. అంటున్నాం. మామూలు సి.టి.తో పోలిస్తే అది మసక బొమ్మే. చెదిరిన ఎక్స్‌రేలు దాన్ని పాడుచేస్తాయి, దాని మీద నేరుగా డోసు లెక్క కడితే నమ్మలేం. అయినా ఒక్క నిమిషంలో లోపలి సంగతి చెబుతుంది. ఆలోచన ముందు, పనిముట్టు తర్వాత వచ్చిన ముచ్చట ఇది. మా రంగంలో ఎక్కువసార్లు ముందు యంత్రం వస్తుంది, దాన్ని దేనికి వాడాలో తర్వాత వెతుక్కుంటాం.

ఆ మసక బొమ్మలో ఏం కనబడుతుంది? ఒక సాధారణమైన ఉదాహరణ చెబుతాను. కణితి శ్వాసనాళంలోకి పెరిగి గాలిదారి మూసేస్తే, దాని అవతలి ఊపిరితిత్తి ముక్క గాలి లేక ముడుచుకుపోతుంది. ప్లాను గీసిన రోజున అది ఒక తెల్లని ముద్ద. రెండు మూడు వారాల కరెంటుతో నాళంలో అడ్డం తొలగి, ఒకనాడు ఆ ముక్క గాలితో నిండి విచ్చుకుంటుంది. రోగికి ఆయాసం తగ్గుతుంది, ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు. కాని విచ్చుకునే ఊపిరితిత్తి కణితిని తనతో పాటు లాక్కుపోతుంది, ఒక్కోసారి సెంటీమీటరుకు మించి. రోగికి ఎంతో మేలు కనిపించిన ఆ రోజునే మా గురి తప్పుతుంది. దీనికి ఎదురుగానూ జరుగుతుంది. ఉన్నట్టుండి ముక్క ముడుచుకుపోవడం, ఛాతీలో నీరు చేరడం, ఇన్ఫెక్షన్ రావడం.

ఇవి అరుదు కావు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని నెదర్లాండ్స్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 177 మంది రోగుల కోన్ బీమ్ బొమ్మలను తిరగేసి చూస్తే, 72 శాతం మందిలో ఛాతీ లోపల ఏదో ఒక మార్పు కనిపించింది. 12 శాతం మందిలో అది అప్పటికప్పుడు పట్టించుకోవలసినంత పెద్దది. వాళ్లు దానికి ట్రాఫిక్ లైట్ల పద్ధతి పెట్టుకున్నారు. ఎరుపు అయితే డాక్టర్ చూసేదాకా ఆ రోజు విడత ఆపాలి. నారింజ అయితే ఇవాళ్టిది ఇచ్చి, రేపటిలోగా డాక్టర్‌కు చూపించాలి. పసుపు అయితే రాసి పెట్టుకుంటే చాలు. నాకు ఇందులో నచ్చినది రంగులు కాదు. బొమ్మను మొదట చూసేది టెక్నాలజిస్టు గనక ఆపే అధికారం అతని చేతికి రాతపూర్వకంగా ఇచ్చారు, అది నచ్చింది.

ఇంకో చిన్న విషయం, కాని దాని మీద చాలా ఆధారపడి ఉంది. రోజు బొమ్మను ప్లాను బొమ్మ మీద పెట్టి సరిపోల్చేటప్పుడు దేన్ని పట్టుకుని సరిపోల్చాలి? వెన్నెముక స్పష్టంగా కనబడుతుంది, క్షణంలో కలుస్తుంది, తెర మీద చూడముచ్చటగా ఉంటుంది. కాని వెన్నెముకకు క్యాన్సర్ లేదు. కణితిని పట్టుకుని సరిపోల్చాలి. అప్పుడు బల్ల జరుగుతుంది, బల్లతో పాటు వెన్నుపాము కిరణాల దారికి దగ్గర కావచ్చు. కాబట్టి రెండూ చూడాలి. ఈ రెండో చూపు నేర్పడానికి కొత్త యంత్రం అక్కర్లేదు, ఓపిక కావాలి.

ఇక మా వృత్తివాళ్లకు ఇష్టమైన పని, లెక్క. విసుగు అనుకోకుండా వినండి.

6 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న గుండ్రటి కణితి అనుకుందాం. దాని ఘనపరిమాణం 113 ఘన సెంటీమీటర్లు. చుట్టూ ఒక సెంటీమీటర్ మార్జిన్ ఇస్తే మేము కిరణాలతో నింపవలసింది 8 సెంటీమీటర్ల గోళం, అంటే 268 ఘన సెంటీమీటర్లు. ఇప్పుడు చికిత్స మధ్యలో కణితి సగానికి సగం కరిగిందనుకోండి. సగం అనగానే బొమ్మలో సగం కనిపిస్తుందనుకుంటాం. అడ్డుకొలత తగ్గేది 6 నుంచి 4.8కి మాత్రమే. ఘనమూలం చేసే మాయ అది. అదే మార్జిన్‌తో కొత్త ప్లాను గీస్తే నింపవలసింది సుమారు 162 ఘన సెంటీమీటర్లు. మంచి లాభమే. ఇంకో దారి చూడండి. కణితి కరగకపోయినా, రోజూ బొమ్మ తీసి గురి సరిచేసుకుంటూ మార్జిన్‌ను ఒక సెంటీమీటర్ నుంచి అర సెంటీమీటరుకు దించితే 7 సెంటీమీటర్ల గోళం, 180 ఘన సెంటీమీటర్లు. దాదాపు అంతే లాభం. తేడా ఎక్కడంటే, ఈ రెండోది మొదటి విడత నుంచి ముప్ఫయ్యో విడత దాకా అందుతుంది. కణితి కరగడం మీద ఆధారపడిన లాభం అది కరిగాకే వస్తుంది. చాలా అధ్యయనాల్లో కణితి తగ్గే వేగం రోజుకు ఒక శాతం అటూ ఇటూ. ఆ లెక్కన సగానికి వచ్చేసరికి చికిత్స చివరి అంకం నడుస్తూనో, ముగిసిపోయో ఉంటుంది.

నా రోగులెవరూ గోళాకారపు కణితులతో రారు, అది నాకూ తెలుసు. అయినా ఈ లెక్క ఒక మాట గట్టిగా చెబుతుంది. ప్లాను మార్చడం గురించి ఎంత మోజు ఉన్నా, ముందు రోజూ చూడటం నేర్చుకోవాలి.

ఇప్పుడు సుబ్బారావు గారి రెండో సంగతికి, కంటికి కనబడకుండా మిగిలి ఉండేదాని దగ్గరికి, వస్తున్నాను.

కణితి తగ్గింది కదా, గీతను లోపలికి జరపవచ్చా? బొమ్మ చూస్తే జరపమంటుంది. కాని బొమ్మలో కనబడనిదీ ఉంది. 2000లో ఫ్రాన్సులో ఫిలిప్ జిరో బృందం కోసి తీసిన ఊపిరితిత్తులను మైక్రోస్కోపు కింద పెట్టి, కణితి కంటికి కనబడే అంచు దాటి క్యాన్సర్ కణాలు ఎంత దూరం పాకాయో కొలిచింది. 95 శాతం కేసుల్లో అన్ని కణాలనూ చుట్టాలంటే ఎడినోకార్సినోమాకు 8 మిల్లీమీటర్లు, స్క్వేమస్ రకానికి 6 మిల్లీమీటర్లు కావాలి. ఇది చికిత్సకు ముందటి సంగతి. చికిత్సలో కణితి తగ్గేటప్పుడు ఈ బయటి కణాలు ఏమవుతాయి? కణితి తగ్గడం రెండు రకాలు. ఒకటి, అది వట్టిపోతూ లోపలికి ముడుచుకుంటుంది, చుట్టూ నొక్కుకుపోయిన ఊపిరితిత్తి ఆ ఖాళీలోకి వస్తుంది. అంచుతో పాటు బయటి కణాలు కూడా లోపలికి జరుగుతాయని అనుకోవచ్చు. రెండోది, చెద తిన్న దూలం లాంటిది. దూలం ఉన్న చోటే ఉంటుంది, లోపల మాత్రం గుల్ల. బొమ్మలో తెల్లదనం తగ్గి అంచు లోపలికి పోయినట్టు కనిపించినా, మొదట ఎక్కడున్నాయో అక్కడే కణాలు మిగిలి ఉండవచ్చు. మసక బొమ్మలో ఈ రెంటినీ విడదీయడం కష్టం. ఇప్పటి బొమ్మను పాత బొమ్మ మీద సాగదీసి అతికించే సాఫ్ట్‌వేర్ మా దగ్గర ఉంది. మాయమైన కండను అది ఎక్కడికి జరిపిందో అడిగితే అందంగా రంగులు వేసి చూపిస్తుంది. ఆ రంగులను నేను పూర్తిగా నమ్మను.

మరి గీత జరపనే కూడదా? రోమ్‌లో చేసిన లార్షియా అధ్యయనం ఇక్కడ కొంత ధైర్యం ఇస్తుంది. వారం వారం సి.టి. తీస్తూ, మూడో దశ రోగులు 217 మందిలో కణితి బాగా తగ్గిన 50 మందికి గీతను కుదించారు. కుదించిన గీత అంచున జబ్బు తిరగబెట్టింది 6 శాతం మందిలోనే. భయపడినంత లేదు. అయితే ఇది రెండు జట్లుగా చీటీ వేసి పోల్చిన పరీక్ష కాదు, ఎంచుకున్న రోగుల ఫలితం. ధైర్యమిస్తుంది, తీర్పివ్వదు.

కుదించి మిగిల్చుకున్న చోటును ఏం చేయాలన్న ప్రశ్నకు మా రంగం ఒకప్పుడు తడుముకోకుండా జవాబు చెప్పేది. డోసు పెంచండి. ఆ నమ్మకానికి అమెరికా, కెనడాల్లో జరిగిన ఆర్.టి.ఓ.జి. 0617 పరీక్ష పెద్ద దెబ్బ కొట్టింది. 60 గ్రే ఇచ్చినవాళ్ల మధ్యస్థ జీవితకాలం 28.7 నెలలు, 74 గ్రే ఇచ్చినవాళ్లది 20.3 నెలలు. ఎక్కువ మందు ఎక్కువ మేలు అనుకున్నచోట ఎనిమిది నెలల నష్టం. గుండె మీద పడిన డోసుకూ చావులకూ సంబంధం కనిపించింది. సరే, అందరికీ కాకుండా, చికిత్స మధ్యలో, చురుగ్గా ఉన్న కణాలను వెలిగించి చూపే పెట్ స్కాన్ తీసి ఇంకా వెలుగుతున్న భాగానికే పెంచితే? ఆర్.టి.ఓ.జి. 1106 అదే చేసింది, గరిష్ఠంగా 80.4 గ్రే దాకా. ఛాతీలో జబ్బు అదుపు చెప్పుకోదగ్గంత మెరుగుపడలేదు. అడాప్టివ్ రేడియోథెరపీ గురించి మాట్లాడేవాళ్లు ఈ ఫలితాన్ని స్లైడుల చివర చిన్న అక్షరాల్లో వేస్తుంటారు. మొదటి స్లైడులో వేయాలని నా కోరిక.

నా ఉద్దేశం ఇది. ఊపిరితిత్తుల విషయంలో ప్లాను మార్చడానికి మొదటి కారణం గురి తప్పకుండా ఉండటం. రెండోది మంచి ఊపిరితిత్తినీ గుండెనూ కాపాడటం. డోసు పెంచడం ఎక్కడో తర్వాత. కాపాడటానికి ఇప్పుడు కొత్త విలువ కూడా వచ్చింది. పసిఫిక్ అనే పరీక్ష తర్వాత, కీమో, కరెంటు ముగిశాక జబ్బు పెరగని మూడో దశ రోగులకు డుర్వాలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ ఇస్తున్నారు. ఐదేళ్లకు బతికి ఉన్నవాళ్లు ఆ మందు తీసుకున్నవారిలో 42.9 శాతం, తీసుకోనివారిలో 33.4 శాతం. ఒక మోస్తరు న్యుమోనైటిస్ తగ్గకుండా మిగిలి ఉన్నవాళ్లను ఆ పరీక్షలోకి తీసుకోలేదు. అంటే మేము ఊపిరితిత్తిని పాడు చేస్తే ఆ రోగికి ఆ తలుపు మూసుకుపోయే ప్రమాదం ఉంది. కొన్ని గ్రేలు తగ్గించడం ఒట్టి గణాంకం అనుకునే రోజులు పోయాయి.  

మన నేల గురించి రెండు మాటలు. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో జరిగిన పెట్-ప్లాన్ పరీక్ష, పెట్ స్కాన్‌లో వెలిగిన చోట్లనే గీత గీసి కిరణాలిస్తే చాలునని, పాత పద్ధతిలో అనుమానం ఉన్నచోటల్లా ఇవ్వనక్కర్లేదని చూపింది. మంచి ఫలితమే. కాని పెట్‌లో వెలిగేదల్లా క్యాన్సర్ కాదు, టీబీ గ్రంథి కూడా వెలుగుతుంది. టీబీ ఇంతగా ఉన్న మన దగ్గర ఛాతీ నడుమ వెలిగే గ్రంథిని చూసి గీత గీసేముందు, వీలైనంతవరకు సూది పెట్టి ముక్క తీసి చూడాలి. చికిత్స మధ్యలో తీసే పెట్ ఇంకా కష్టం. కిరణాల వాపు కూడా అందులో వెలుగుతుంది.

కొత్త యంత్రాల గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే వాటి గురించి చెప్పడానికి కంపెనీలు ఉన్నాయి. ఎం.ఆర్.ఐ.నీ లీనియర్ యాక్సిలరేటర్‌నూ కలిపిన యంత్రాలు వచ్చాయి, నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ శాస్త్రవేత్తలు అందులో ముందు నడిచారు. రోగి బల్ల మీద ఉండగానే ఆ రోజు బొమ్మ మీద ఆ రోజు ప్లాను గీసే యంత్రాలూ వచ్చాయి. అద్భుతమైనవే. అలాంటి ఎం.ఆర్. యంత్రాలు చేసిన అమెరికా కంపెనీ ఒకటి 2023లో దివాలా తీసిందన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఆసుపత్రి కొన్న యంత్రం కంపెనీ కన్నా ఎక్కువ కాలం బతకాలి. ఇంకో సంగతి. బల్ల మీద ప్లాను గీయడానికి పట్టే అరగంటసేపు, ఆయాసంతో ఉన్న మనిషి చేతులు రెండూ తల మీదికి ఎత్తి కదలకుండా పడుకోవాలి. ఆ అరగంటలో శ్వాస తీరు మారిపోవచ్చు. బయట వరండాలో ఆ రోజు వంతు కోసం ఇంకా ఎందరో కూర్చుని ఉంటారు.

అందుకని నా విన్నపం పెద్ద యంత్రాల గురించి కాదు. తెలుగు రాష్ట్రాల్లో కోన్ బీమ్ సి.టి. ఉన్న ప్రతి రేడియోథెరపీ విభాగమూ మూడు పనులు చేయవచ్చు. ఊపిరితిత్తుల రోగికి వారానికి ఒక్కసారైనా, కుదిరితే రోజూ బొమ్మ తీయడం, దాన్ని కణితి మీద సరిపోల్చడం. ఎరుపు, నారింజ, పసుపు ఏది ఎప్పుడో రాసి యంత్రం గది గోడకు అంటించడం, ఎరుపు కనబడితే ఆపమనే అధికారం టెక్నాలజిస్టుకు ఇవ్వడం. ప్లాను తిరగరాయడానికి ఫిజిసిస్టుకు పట్టే గంటలను ఆసుపత్రి పని కింద లెక్క కట్టడం. ఈ మూడో దానిలో నా స్వార్థమూ కొంచెం ఉందని సభ క్షమించాలి. లెక్కలోకి రాని పని రద్దీ రోజున మొదట ఆగిపోతుంది.

రోగుల తరఫున వచ్చినవారికి ఒక మాట. నాలుగో వారంలో గడ్డ బాగా తగ్గిందని డాక్టర్ చెబితే తప్పక సంతోషించండి. తగ్గింది కదా, ఇక చాలు అని ఊరికి బయలుదేరకండి. ఇల్లు దూరమైనా, డబ్బు కష్టమైనా, పండగ వచ్చినా, మిగిలిన విడతలు పూర్తి చేసుకునే వెళ్లండి. మధ్యలో రోజులు తప్పిపోతే ఆ నష్టాన్ని తర్వాత ఏ ప్లానూ పూర్తిగా పూడ్చలేదు.